పురుగు చేసే మందు

పురుగుమందు అంటే ఏమిటని మన దగ్గర ఎవరిని అడిగినా పురుగుని చంపే మందు అనే చెబుతారు. పత్తి పండే జిల్లాల్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉండొచ్చన్న ఊహే రాదు. ఈ వారం మనం చెప్పుకోబోయేది మాత్రం ఆ మందు గురించి కాదు. పురుగు తన కోసం తానే తయారుచేసుకునే మందు గురించి. ఆ కథ తెలుసుకోవడానికి చాలా దూరం పోనక్కర్లేదు. ప్రాణహిత, గోదావరి ఒడ్డున ఉన్న మద్దిచెట్ల దాకా వెళితే చాలు.

చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవి. మహదేవపూర్, కాళేశ్వరం కరీంనగర్ జిల్లాలో ఉండేవి. 2016లో జిల్లాలు విడిపోయాక కొన్ని మంచిర్యాలకీ కొన్ని జయశంకర్ భూపాలపల్లికీ వెళ్లాయి. పేర్లు మారినా అడవి అదే, అందులో పెరిగే దసలి పురుగు కూడా అదే. దీన్నే టస్సర్ అంటారు. మహదేవపూర్ టస్సర్ చీర కట్టుకున్నవాళ్లకి ఆ దారం సంగతి తెలుసు గానీ, ఆ దారం తీసిన పురుగు పడే పాట్లు తెలియకపోవచ్చు.

మల్బరీ పట్టుపురుగు అదృష్టవంతురాలు. దానికో షెడ్డు, తట్టలు, వేళకి కోసి తెచ్చిన ఆకు... అల్లుడికి జరిగే మర్యాదలన్నీ జరుగుతాయి. దసలి పురుగుకి ఆ భోగం లేదు. వానలు పడగానే గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లల్ని మద్దిచెట్టు మీదికి వదిలేస్తారు. అక్కడి నుంచి ఎండా, వానా, గాలీ అన్నీ దాని నెత్తినే. రైతు చెట్ల కింద గుడిసె వేసుకుని, వడిసెల పట్టుకుని పిట్టల్ని తోలుతుంటాడు. అయినా ఏదో ఒక చీమ కరుస్తుంది. ఏదో ఒక కందిరీగ పొడుస్తుంది. ఒకదాని గోళ్లు ఇంకోదానికి గీసుకుంటాయి. రెండు రోజులు ముసురు పడితే తడిసిన ఆకుతోపాటు దాని మీదున్న సూక్ష్మజీవులన్నీ కడుపులోకి పోతాయి. నెలా నెలన్నరలో నాలుగుసార్లు చర్మం విడిచి, ఐదు దశలు దాటి, చేతి వేలంత లావైన పచ్చటి పురుగు అయ్యేలోగా దాని ఒంట్లోకి బ్యాక్టీరియా దూరడానికి వంద దారులు.

మనకైతే ఒంట్లో యాంటీబాడీలున్నాయి. ఒకసారి వచ్చిన జబ్బుని గుర్తుపెట్టుకునే కణాలున్నాయి. టీకాలు పనిచేసేది వాటివల్లే. పురుగులకి ఈ ఏర్పాటు లేదు. యాంటీబాడీ అన్నదే వాటికి తెలియదు. మరి గాయమైన దసలి పురుగు ఆ రాత్రికే ఎందుకు చచ్చిపోదు?

ఈ ప్రశ్నకి జవాబు మొదట దొరికింది మన అడవుల్లో కాదు, స్వీడన్‌లో. అదీ మన దసలి పురుగుకి వరసకి అన్నదమ్ముల బిడ్డ లాంటి ఒక పురుగులో. పేరు సిక్రోపియా. ఉత్తర అమెరికాలో ఉండే పెద్ద అడవి చిలుక అది. స్టాక్‌హోంలో హన్స్ బోమన్ అనే శాస్త్రవేత్త దాని ప్యూపాల మీద పనిచేశాడు. గూటిలో నిద్రపోయే దశని ప్యూపా అంటారు కదా, ఆయన దాన్నే ఎంచుకోవడంలో గొప్ప తెలివుంది. నిద్రపోతున్న ప్యూపా తినదు, కదలదు, పెరగదు. ఒంట్లో పనులన్నీ దాదాపు ఆపేసి ఉంటుంది. అంటే అది నడవని మిల్లు. ఆ మిల్లులోకి సూదితో నాలుగు బ్యాక్టీరియాలని పంపితే, ఆ తర్వాత ఏ యంత్రం తిరిగినా అది ఆ బ్యాక్టీరియా కోసమే తిరిగినట్టు లెక్క! అలా సూది వేసిన ప్యూపాల రక్తంలోంచి బ్యాక్టీరియాని చంపే రెండు చిన్న పదార్థాలని ఆయన బృందం వేరుచేసింది. 1981లో వాటి నిర్మాణాన్ని 'నేచర్' పత్రికలో ప్రకటించారు. సిక్రోపియాలో దొరికాయి కాబట్టి సిక్రోపిన్లు అని పేరు పెట్టారు.

సిక్రోపిన్-ఎ అన్నదాన్ని తీసుకుందాం. అది 37 అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చిన దండ. అమైనో ఆమ్లాల దండ బాగా పొడుగ్గా ఉంటే ప్రొటీన్ అంటాం, పొట్టిగా ఉంటే పెప్టైడ్ అంటాం. పూసలు మొత్తం 20 రకాలే. ఏ వరసలో గుచ్చామన్నదాన్ని బట్టి అది పట్టుదారమూ కావచ్చు, మందూ కావచ్చు, విషమూ కావచ్చు. తేనెటీగ కుట్టినప్పుడు మంటపుట్టించే మెలిటిన్ కూడా 26 పూసల పెప్టైడే. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు పొడుచుకునే ఇన్సులిన్ 51 పూసలది.

మిల్లు ఎలా నడుస్తుంది?

ఇంతకీ పురుగు ఒంట్లో ఈ దండ ఎవరు గుచ్చుతారు? మందు తయారయ్యే చోటు కడుపు కాదు. పేగు చుట్టూ పరచుకుని ఉండే మెత్తటి తెల్లటి కణజాలం ఒకటుంది. ఇంగ్లిషులో దాన్ని ఫ్యాట్‌బాడీ అంటారు. పేరుని బట్టి కొవ్వు మూట అనుకుంటాం గానీ, మన ఒంట్లో కాలేయం చేసే పనుల్లాంటివి చాలావరకు అక్కడ అదే చేస్తుంది. పురుగు తిన్న మద్దాకులోని సారమంతా అక్కడికే చేరుతుంది.

మొదట బ్యాక్టీరియా వచ్చిందన్న కబురు అందాలి. బ్యాక్టీరియా ఒంటి గోడలో మన ఒంట్లోగానీ పురుగు ఒంట్లోగానీ ఎక్కడా ఉండని ఒక పదార్థం ఉంటుంది. పెప్టిడోగ్లైకాన్ అని దాని పేరు. ఆ గోడ పెచ్చు తగలగానే పట్టుకునే ప్రొటీన్లు పురుగు రక్తంలో కాపలా తిరుగుతుంటాయి. అలాంటి కాపలాదారుని 1996లో జపాన్ శాస్త్రవేత్తలు మొదటిసారి వేరుచేసింది కూడా పట్టుపురుగు రక్తం నుంచే. కబురు ఒకరి నుంచి ఒకరికి చేరుతూ కణం లోపలికి వెళుతుంది. చివరికి ఒక ప్రొటీన్ కణకేంద్రకంలో దూరి, మూసి ఉంచిన జన్యువు మీద కూర్చుని దాన్ని తెరుస్తుంది. పండ్ల ఈగలో ఈ కబుర్ల గొలుసుని విప్పి చెప్పినందుకే జూల్స్ హాఫ్‌మన్‌కి 2011లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ఇక్కడి నుంచి జరిగేది మగ్గాలున్న ఊళ్లవాళ్లకి చటుక్కున అర్థమవుతుంది. జకార్డు మగ్గం మీద చిల్లులు పొడిచిన అట్టలు వేలాడుతుంటాయి కదా! ఏ పోగు పైకి లేవాలో, ఏది కింద ఉండాలో ఆ చిల్లులే చెబుతాయి. అసలు డిజైను బీరువాలో భద్రంగా ఉంటుంది, మగ్గం మీదికి వచ్చేది దాన్ని చూసి పొడిచిన అట్టలే. కణంలోనూ అంతే. డీఎన్‌ఏ కేంద్రకం దాటి బయటికి రాదు. దాన్ని చూసి రాసుకున్న నకలు వస్తుంది. దాన్ని ఎంఆర్‌ఎన్‌ఏ అంటారు. కరోనా టీకాల పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు ఇంటింటికీ తెలుసు. ఆ నకలుని చదివే మగ్గం పేరు రైబోజోమ్. మూడేసి అక్షరాలు చదివి ఒక్కో పూస గుచ్చుతుంది. సెకనుకి నాలుగైదు పూసలు అనుకున్నా సిక్రోపిన్ దండ ఒకటి పూర్తవడానికి పావు నిమిషం చాలు. ఒక్కో కణంలో అలాంటి మగ్గాలు లక్షల్లో ఉంటాయి.

ఇక్కడే ఒక చిత్రం ఉంది. మగ్గం మీంచి దిగే దండలో 37 పూసలు ఉండవు. 64 ఉంటాయి! మిగతా 27 దేనికి?

మొదటి 22 పూసలూ చిరునామా చీటీ. 'ఈ సరుకు బయటికి పంపాలి' అని దాని అర్థం. చీటీ చూసి కణం ఆ దండని ఎగుమతి దారిలో పెడుతుంది. దారిలోకి ఎక్కగానే చీటీ చింపేస్తారు. ఆ తర్వాత ముందువైపు ఇంకో నాలుగు పూసలు మిగిలి ఉంటాయి. వాటిని ఒక ఎంజైము ఒక్కసారిగా కత్తిరించదు, రెండేసి చొప్పున రెండుసార్లు తుంచుతుంది. ఇలాంటి రెండేసి పూసల కత్తెర మన ఒంట్లోనూ ఒకటుంది. చక్కెర వ్యాధికి సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆ మాత్రలు చేసేది మన ఒంట్లోని ఆ కత్తెరని మొద్దుబార్చడమే. లేకపోతే అది ఇన్సులిన్‌ని ఊరించే జీఎల్‌పీ-1 అనే పెప్టైడ్‌ని మొదటి రెండు పూసలూ తుంచి పనికిరాకుండా చేస్తుంది. పురుగులో మందుని తయారుచేసే తరహా కత్తెరే మనలో మందుని పాడుచేస్తోందన్నమాట!

లెక్కలో ఇంకొక్క పూస మిగిలింది. అది దండ చివర ఉంటుంది, పేరు గ్లైసిన్. తాను విరిగిపోయి, తన ముందున్న పూసకి ఒక చిన్న మూత బిగించి పోతుంది. చీర నేశాక కొంగు పోగులు జారిపోకుండా ముడి వేస్తారే, అలాంటిది. చివరి నుంచి కొరికే ఎంజైములకి ఆ మూత అడ్డం. మూత ఉన్న సిక్రోపిన్ కొన్ని బ్యాక్టీరియాల మీద మరింత గట్టిగా పనిచేస్తుంది. కాన్పు సమయంలో నొప్పులు రావడానికి ఇచ్చే ఆక్సిటోసిన్ తొమ్మిది పూసల పెప్టైడే. తల్లి మెదడులో అది తయారయ్యేటప్పుడు కూడా చివర ఇదే మూత, ఇదే పద్ధతి.

పెద్ద దండ గుచ్చి, తర్వాత కత్తిరించి వాడుకోవడం జీవులన్నిటికీ అలవాటే. ల్యాబుల దగ్గర 'సి-పెప్టైడ్' పరీక్ష అని బోర్డు చూసే ఉంటారు. మన క్లోమంలో ఇన్సులిన్ మొదట 110 పూసల దండగా తయారవుతుంది. చీటీ చింపాక 86. మధ్యలోంచి కత్తిరించి తీసే ముక్కే సి-పెప్టైడ్, అందులో 31 పూసలుంటాయి. ఒక ఇన్సులిన్‌కి ఒక ముక్క చొప్పున రక్తంలోకి వస్తుంది కాబట్టి ఆ ముక్కల్ని లెక్కపెడితే మన ఒళ్లు సొంతంగా ఎంత ఇన్సులిన్ చేస్తోందో తెలుస్తుంది. బయటి నుంచి పొడుచుకున్న ఇన్సులిన్‌తో ఈ ముక్క రాదు. దర్జీ కొట్టులో కింద పడ్డ గుడ్డముక్కల్ని చూసి ఎన్ని చొక్కాలు కుట్టాడో చెప్పినట్టు!

సరే, తయారైన సిక్రోపిన్ బ్యాక్టీరియాని ఎలా చంపుతుంది? ఈ దండకి ధన విద్యుదావేశం ఉంటుంది. బ్యాక్టీరియా ఒంటి పైపొరకి రుణావేశం. అందుకని దగ్గరికెళ్లి అతుక్కుంటుంది. అతుక్కోగానే స్ప్రింగులా చుట్టుకుంటుంది. ఆ స్ప్రింగుకి ఒక పక్క నూనెతో కలిసే గుణం, రెండో పక్క నీళ్లతో కలిసే గుణం. కొవ్వుతో చేసిన పొరలో అలాంటివి గుంపుగా దిగబడితే పొర నిలుస్తుందా? కన్నాలు పడి లోపలి సరుకు బయటికి కారిపోతుంది. మన కణాల పైపొరకి ఆ రుణావేశం పెద్దగా ఉండదు, పైగా కొలెస్ట్రాల్ బిగింపు ఒకటి. కాబట్టి సిక్రోపిన్ వాటి జోలికి అంతగా రాదు.

మన పురుగు సంగతి

సిక్రోపియాలో ఉంది సరే, మన దసలి పురుగులో ఏముంది? ఇది చూసింది హైదరాబాద్‌లోనే. డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రంగా అందరికీ తెలిసిన సీడీఎఫ్‌డీలో డాక్టర్ జె. నాగరాజు పట్టుపురుగుల జన్యువుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆయన 2012 డిసెంబరు చివరి రోజున కన్నుమూశారు. ఆయన బృందం దసలి పురుగులకి ఇ.కొలి బ్యాక్టీరియాని ఎక్కించి, ఆ తర్వాత వాటి ఫ్యాట్‌బాడీలో ఏ ఏ నకళ్లు తయారవుతున్నాయో ఏరి చదివింది. మగ్గాల మీద ఏ అట్టలు వేలాడుతున్నాయో చూడటమే ఇది. 1412 నకళ్లు చదివితే వాటిలో విడివిడిగా 719 తేలాయి. అందులో సుమారు మూడో వంతు రోగనిరోధకానికి సంబంధించినవే! జబ్బు చేసిన పురుగు తన మిల్లులో అంత భాగాన్ని మందు పనికి మళ్లిస్తుందన్నమాట. సిక్రోపిన్‌ని పోలి ఉండి, అయినా దానికి వేరుగా ఉన్న ఒక కొత్త ప్రొటీన్ జాడ కూడా అందులో కనబడింది. ఈ ఫలితాలు 2006లో వచ్చాయి. మరుసటి ఏడాది అదే బృందం ఇంకో తమాషా పట్టుకుంది. మన కన్నీళ్లలో లైసోజైమ్ అనే ఎంజైము ఉంటుంది, బ్యాక్టీరియా గోడని కోసేస్తుంది. పట్టుపురుగుల్లో అచ్చం దాన్ని పోలిన ప్రొటీన్లు దొరికాయి. గోడని కోసే శక్తి వాటికి లేదు, బ్యాక్టీరియాని మాత్రం అడ్డుకుంటాయి. కత్తికి పదును లేదు గానీ పని జరుగుతోంది!

పురుగుల దాకా ఎందుకు, హైదరాబాద్‌కి ఈ విద్య అంతకుముందే తెలుసు. సీసీఎంబీని స్థాపించిన పుష్ప భార్గవ, ఆయన సహచరుడు ఇ.ఎస్.పి. రెడ్డి ఎద్దు వీర్యద్రవంలో బ్యాక్టీరియాని అడ్డుకునే ఒక పదార్థాన్ని కనిపెట్టి 1979లో 'నేచర్'లో ప్రకటించారు. దానికి సెమినల్‌ప్లాస్మిన్ అని పేరు. సిక్రోపిన్ నిర్మాణం బయటపడటానికి రెండేళ్ల ముందు మాట ఇది! ఈ విషయం మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు కనబడదో నాకు ఎప్పటికీ అర్థం కాదు. సెమినల్‌ప్లాస్మిన్ 47 పూసల దండ. తర్వాత సీసీఎంబీలోనే ఎన్. సీతారాం, ఆర్. నాగరాజ్ అందులోంచి 13 పూసల ముక్క ఒక్కటే విడిగా తయారుచేసి చూశారు. అదీ బ్యాక్టీరియాని చంపింది. అయితే దాంతోపాటు ఎర్ర రక్తకణాలనీ పగలగొట్టింది. 1990 నాటి ఆ ఒక్క ఫలితంలో ఈ మందుల కష్టమంతా ఉంది. పెప్టైడ్‌కి కొరికే శక్తి పెంచితే ఎవరిని కొరుకుతుందో చెప్పలేం.

మరి ఇన్నేళ్లయినా మెడికల్ షాపులో సిక్రోపిన్ ఎందుకు దొరకదని అడగొచ్చు. మాత్రగా మింగితే మన కడుపు దాన్ని పప్పులోని ప్రొటీన్‌లాగే అరిగించేస్తుంది. సూదిగా ఇస్తే రక్తంలో ఎంజైములు కత్తిరిస్తాయి. పూస పూసా గుచ్చి ఫ్యాక్టరీలో చేయడం బోలెడు ఖర్చు. కప్ప చర్మంలో దొరికిన మగైనిన్ అనే పెప్టైడ్ ఆధారంగా చేసిన ఒక మందు మధుమేహుల కాలిపుండ్లకి వస్తుందని అప్పట్లో ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. 1999లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇవ్వలేదు. పురుగుకి ఈ బాధలేవీ లేవు. అది తన మందుని కావలసిన చోటే, కావలసిన గంటలోనే, తిన్న ఆకుతోనే చేసుకుంటుంది.

అలాగని పెప్టైడ్ మందులే మనకి తెలియవనుకోకండి. దెబ్బ తగిలితే చల్లే నియోస్పోరిన్ పౌడర్‌లో రెండు పెప్టైడ్లున్నాయి, పాలిమిక్సిన్, బాసిట్రాసిన్. ఇవి పురుగువి కావు, బ్యాక్టీరియా తోటి బ్యాక్టీరియాని చంపడానికి చేసుకునేవి. 1943లో అమెరికాలో ట్రేసీ అనే చిన్నపిల్ల కాలు విరిగి గాయమైతే, ఆ గాయంలోంచి తీసిన బ్యాసిల్లస్ బ్యాక్టీరియాలో దొరికింది కాబట్టి ఆమె పేరు కలిపి బాసిట్రాసిన్ అన్నారు. వీటి తయారీ పద్ధతే వేరు. ఇక్కడ అట్టలూ లేవు, మగ్గమూ లేదు. పెద్ద పెద్ద ఎంజైములు వరసగా నిలబడి, ఒక్కొక్కటీ ఒక్కో పూస తగిలించి పక్కవాడికి అందిస్తుంది. భవనం కట్టేచోట ఇటుకలు చేతులు మారినట్టు. మగ్గం ఒప్పుకోని వింత పూసలు కూడా ఈ పద్ధతిలో గుచ్చవచ్చు. అందుకే ఆ మందుల్ని కొరికి అరిగించడం ఎంజైములకి కష్టం.

పాలిమిక్సిన్ల కుటుంబంలోదే కొలిస్టిన్. ఏ యాంటీబయాటిక్‌కీ లొంగని ఇన్‌ఫెక్షన్‌తో ఐసీయూలో ఉన్న రోగికి చివరి ప్రయత్నంగా ఎక్కించే మందు. దాన్ని కోళ్ల దాణాలో కలిపి వాడేవాళ్లు! 2015లో చైనాలో దాన్ని తట్టుకునే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగలదని తేలింది. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం మనం తినే జంతువులకి కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. ఫారాలున్న జిల్లాల్లో ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతే.

మరి పంట ఎందుకు పోతోంది?

ఇంతమందు చేసుకునే పురుగు మరి చెట్టు మీదే నల్లబడి, మెత్తబడి, తలకిందులుగా వేలాడి ఎందుకు చస్తోంది? దసలి రైతు అడగాల్సిన ప్రశ్న ఇదే. పట్టుకాయలు తెగనమ్మి వచ్చే డబ్బుతోనే ఆ ఇళ్లలో ఏడాది గడుస్తుంది.

జవాబులో ఒక భాగం ఆకు. దారం కూడా ప్రొటీనే, మందు కూడా ప్రొటీనే. రెండిటి పూసలూ వచ్చేది ఆ మద్దాకు నుంచే. గంటల్లో వేలాది దండలు గుచ్చాలంటే ముడిసరుకు కావాలి. తుమ్మెదల జాతికి చెందిన బంబుల్ బీల మీద 2000లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగం ఒకటుంది. జబ్బు లేకపోయినా జబ్బు వచ్చిందని వాటి ఒంటిని భ్రమపెట్టారు. తిండి ఉన్నంతసేపు వాటికి ఏమీ కాలేదు. తిండి ఆపేసిన వాటిలో మాత్రం మందు పనికి దిగినవి ముందుగా చచ్చిపోయాయి. అంటే జబ్బు కాదు, వైద్యం ఖర్చే చంపింది. ఈ మాట మన ఇళ్లకి కొత్తేం కాదు. ఒక చెట్టు మీద పట్టేదానికన్నా ఎక్కువ పురుగుల్ని వదిలితే, ఆకు అయిపోయిన కొమ్మ మీంచి సకాలంలో మార్చకపోతే, ఆకలితో ఉన్న ఆ పురుగుల మిల్లుకి దారం కాదు గదా మందు కూడా బరువే. మద్దిచెట్టు నరికితే పోయేది నీడ ఒక్కటే కాదు.

రెండో భాగం ఇంకా మొండిది. ఈ పెప్టైడ్లు ముఖ్యంగా పనిచేసేది రక్తంలో తిరిగే బ్యాక్టీరియా మీద. దసలి పురుగుని పీడించే పెబ్రిన్ వ్యాధి బ్యాక్టీరియాతో రాదు. నొసీమా అనే సూక్ష్మజీవి పురుగు కణాల్లోపలికే దూరి కాపురం పెడుతుంది. రక్తంలో ఎంత సిక్రోపిన్ పారినా ఇంట్లో దాక్కున్న దొంగని అది ఏం చేస్తుంది? పైగా తల్లి నుంచి గుడ్డులోకే వెళ్లిపోతుంది. పుట్టిన పిల్ల జబ్బుతోనే పుడుతుంది. వైరస్‌లదీ ఇదే తీరు, కణం లోపల ఉండి దాని మగ్గాల మీదే తమ గుడ్డ నేయించుకుంటాయి.

పెబ్రిన్‌కి విరుగుడు కనిపెట్టింది లూయీ పాశ్చర్. 1865లో ఫ్రాన్సులో పట్టు పరిశ్రమ కుప్పకూలుతుంటే ప్రభుత్వం ఆయన్ని అలేస్ పట్టణానికి పంపింది. అప్పటికి ఆయన పట్టుపురుగునే చూసి ఎరగడు. పట్టుగూటిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల ఏదో ఉందే అని ఆశ్చర్యపోయాడట! ఆ మనిషే అయిదేళ్లలో ఒక పద్ధతి తేల్చాడు. అందులో మందు లేదు, సూక్ష్మదర్శిని మాత్రమే ఉంది. దసలి విత్తన కేంద్రాల్లో ఈనాటికీ దాన్నే పాటిస్తారు.

ఎండలు మండే మే నెలంతా విత్తనపు కాయల్ని దండలు కట్టి చల్లటి గదుల్లో వేలాడదీస్తారు. బోమన్ సూది వేసిన సిక్రోపియా లాగే వాటిలోని ప్యూపాలు కూడా తిండీ నీళ్లూ లేకుండా నెలల తరబడి నిద్రలో ఉంటాయి. కిందటి పంటలో తిన్న ఆకే వాటి నిలవ. బయట 45 డిగ్రీల ఎండలో ఆ గది చల్లగా ఉంచగలిగారా లేదా అన్నదాని మీద ఎన్ని చిలుకలు బయటికొస్తాయో ఆధారపడి ఉంటుంది. జూన్‌లో వాన వాసన తగిలాక చిలుకలు గూళ్లు చీల్చుకుని వస్తాయి, జతకడతాయి. తల్లి సుమారు రెండు వందల గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టిన తల్లిని రోట్లో వేసి నూరి, ఆ రసం ఒక చుక్క గాజుపలక మీద వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. కోలగా, మెరుస్తూ నొసీమా బీజాలు కనబడ్డాయా, ఆ తల్లి పెట్టిన గుడ్లన్నీ నిప్పుల్లోకి పోతాయి. కనబడకపోతేనే అవి రోగరహిత గుడ్లు అన్న పేరుతో చెన్నూరు, మహదేవపూర్ రైతు చేతికి వస్తాయి. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి మాట, తల్లిని చూశారా అని.